కుందేలు కోసం అడవి కొట్టాలా?

అమెరికాలో బోస్టన్ పక్కనో, హార్ట్‌ఫర్డ్ దగ్గరో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లి ఆరు నెలలుండి వచ్చిన పెద్దవాళ్లను కదిలించి చూడండి. ఇంటి ముందు గడ్డిలో పొద్దునా సాయంత్రం కుందేళ్లు మేస్తుండేవని చెబుతారు. పెరట్లో వేసిన చిక్కుడు మొలకల్ని రాత్రికి రాత్రే కొరికి పోయాయని విసుక్కుంటారు కూడా. అదే ఊళ్లో, అదే రోడ్డు చివర, 'ఇక్కడి కుందేలు అంతరించిపోకుండా ఈ అడవిని నరుకుతున్నాం' అని ప్రభుత్వం వాళ్లు చెబితే ఎవరికైనా రెండు సందేహాలు వస్తాయి. కళ్లెదుట ఇన్ని తిరుగుతుంటే అంతరించడమేమిటి? జంతువుల కోసం చెట్లు పెంచుతారు గాని నరకడమేమిటి?

రెండూ న్యాయమైన సందేహాలే. వీటికి జవాబు చెప్పాలంటే ముందు ఆ గడ్డిలో మేసేది ఎవరో తేల్చుకోవాలి. తర్వాత అడవికి ఉండే వయసు గురించి, కుందేలుకు వచ్చే చలికాలం గురించి తెలుసుకోవాలి.

గడ్డిలో మేసేది ఎవరు?

అమెరికా ఈశాన్య మూలన మెయిన్, న్యూ హాంప్‌షైర్, వెర్మాంట్, మసాచుసెట్స్, రోడ్ ఐలండ్, కనెక్టికట్ అని ఆరు రాష్ట్రాలున్నాయి. ఆరింటినీ కలిపి న్యూ ఇంగ్లండ్ అంటారు. ఈ ఆరింటికి, హడ్సన్ నదికి తూర్పున ఉన్న న్యూయార్క్ ముక్కకు మాత్రమే సొంతమైన కుందేలు ఒకటుంది. దాని పేరు న్యూ ఇంగ్లండ్ కాటన్‌టెయిల్. బరువు కిలోకు కాస్త అటూ ఇటూ. ఒంటి రంగు గోధుమ, తోక అడుగున తెల్లటి బొచ్చు. ఆ ప్రాంతంలో పుట్టి పెరిగిన జాతి కాబట్టి దీన్ని మనం నాటు దూదితోక అందాం.

ఇళ్ల ముందు గడ్డిలో కనిపించేది చాలావరకు ఇది కాదు. దాని దాయాది. పేరు ఈస్టర్న్ కాటన్‌టెయిల్, అంటే తూర్పు దూదితోక. ఇది తనంతట తాను వచ్చి స్థిరపడింది కాదు. 20వ శతాబ్దం మొదటి సగంలో వేటగాళ్ల సంఘాలూ రాష్ట్రాల వేట శాఖలూ వేటకు కుందేళ్లు చాలడం లేదని వేరే ప్రాంతాల నుంచి వీటిని వేలకొద్దీ తెప్పించి వదిలాయి. వచ్చినవి నిలదొక్కుకున్నాయి. పొలం గట్లు, రోడ్డు పక్క కంపలు, శివారు కాలనీల పెరళ్లు వాటికి బాగా నచ్చాయి.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టినా పోల్చుకోవడం కష్టం. నాటు దూదితోకకు సాధారణంగా చెవుల మధ్య నల్లటి మచ్చ, చెవి ముందంచు వెంబడి నల్లటి గీత ఉంటాయి. తూర్పు దూదితోకల్లో చాలావాటికి నుదుట తెల్లమచ్చ ఉంటుంది. అయితే ఈ గుర్తులు అన్నింటికీ ఉండవు. చచ్చిపోయిన కుందేలు పుర్రె దొరికితే కొంత నయం. ముక్కు ఎముక, నుదుటి ఎముక కలిసే అతుకు నాటుదానికి వంకరటింకరగా, తూర్పుదానికి నున్నగా ఉంటుంది. బతికున్న కుందేలు ఒక పొదలోంచి ఇంకో పొదలోకి దూకే లిప్తకాలంలో వీటిలో ఏదీ కంటికి ఆనదు. అందుకే నాటు దూదితోక తగ్గిపోతున్న సంగతి దశాబ్దాల పాటు జనం దృష్టికి రాలేదు. ఒకటి ఖాళీ చేసిన చోట ఇంకొకటి తిరుగుతుంటే 'కుందేళ్లు ఉన్నాయిగా' అనే అనుకున్నారు.

అదే అడవుల్లో, ముఖ్యంగా ఉత్తరాన, మూడో జీవి కూడా ఉంది. స్నోషూ హేర్. చలికాలం రాగానే దాని బొచ్చు తెల్లబడుతుంది. మన మెట్ట పొలాల్లో తిరిగే, మెడ వెనక నల్లమచ్చ ఉన్న కుందేలు కూడా హేర్లలో ఒకటే. హేర్ల పిల్లలు బొచ్చుతో, తెరిచిన కళ్లతో పుడతాయి. దూదితోకల పిల్లలకు పుట్టినప్పుడు బొచ్చూ ఉండదు, కళ్లూ తెరుచుకోవు. మన కథకు ముఖ్యమైన తేడా మాత్రం రంగుది. దూదితోకలకు రంగు మార్చుకునే విద్య లేదు. మంచు కురిసినా అవి గోధుమ రంగులోనే ఉంటాయి.

అడవి పెరిగింది, కుందేలు తగ్గింది

ఇప్పుడు న్యూ ఇంగ్లండ్ అడవుల్లో నడిస్తే ఒక వింత కనిపిస్తుంది. నిలువెత్తు ఓక్, మేపుల్ చెట్ల నడుమ మోకాలెత్తు రాతిగోడలు మైళ్ల తరబడి సాగిపోతుంటాయి. అడవిలో గోడ ఎవరు కట్టారు? గోడ కట్టిన రోజున అక్కడ అడవి లేదు, పొలం ఉంది.

17వ శతాబ్దం నుంచి ఇంగ్లండ్ వలసదారులు ఇక్కడి అడవిని నరికి పొలాలు, గొర్రెల బీళ్లు చేసుకున్నారు. దున్నినప్పుడు పైకి తేలిన రాళ్లను ఏరి సరిహద్దు గోడలు పేర్చారు. 19వ శతాబ్దం నడిమికి దక్షిణ న్యూ ఇంగ్లండ్‌లో సగానికి పైగా నేల చెట్టు లేకుండా అయింది. ఈలోగా 1825లో ఈరీ కాలువ తెరిచారు. తర్వాత రైళ్లు వచ్చాయి. పడమటి నల్లమట్టి మైదానాల ధాన్యం చవగ్గా దిగుతుంటే ఈ రాళ్ల నేల మీద సేద్యం గిట్టుబాటు కాలేదు. రైతులు పొలాలు వదిలి పడమటికో, మిల్లులున్న పట్నాలకో పోయారు. పొలాలు బీడుపడ్డాయి.

బీడుపడ్డ పొలంలో ఏం మొలుస్తుంది, ఏ వరసలో మొలుస్తుంది? ఈ ప్రశ్న అప్పట్లోనే కొందరిని పట్టుకుంది. మసాచుసెట్స్‌లోని కాంకర్డ్‌లో హెన్రీ డేవిడ్ థోరో 1860లో రైతుల సంఘం ముందు దీని మీదే ప్రసంగించాడు. పైన్ తోపు నరికిన చోట ఓక్ ఎందుకు లేస్తుందో, గాలీ ఉడతలూ పక్షులూ విత్తనాలను ఎలా చేరవేస్తాయో వివరించాడు. ఒక రకం మొక్కల తర్వాత ఇంకో రకం వచ్చి చోటు తీసుకునే ఈ క్రమాన్ని శాస్త్రవేత్తలు సక్సెషన్ అంటారు. మనం అడవి వారసత్వం అనుకోవచ్చు.

ఆ వరస ఇలా ఉంటుంది. మొదటి రెండు మూడేళ్లు గడ్డి, పూలమొక్కలు. తర్వాత బ్లాక్‌బెర్రీ ముళ్లకంపలు, చిన్న చిన్న పొదలు. వాటి సందుల్లోంచి బిర్చ్, ఆస్పెన్, మేపుల్ మొక్కలు గుంపులు గుంపులుగా లేస్తాయి. పదేళ్లు దాటేసరికి మనిషి దూరలేనంత చిక్కటి తుప్పలు తయారవుతాయి. సుమారు పాతికేళ్ల దాకా ఆ చిక్కదనం ఉంటుంది. ఆపైన కొన్ని చెట్లు మిగతావాటిని మించి ఎదిగి, పైన ఆకుల పందిరి కలిసిపోతుంది. కిందికి ఎండ దిగదు. నీడలో పొదలు చచ్చిపోతాయి. నేల మీద ఎండుటాకులు తప్ప ఏమీ మిగలదు. మనిషికి హాయిగా నడవడానికి వీలైన అడవి అది. దాక్కునే చోటు లేక కుందేలు నిలవలేని అడవి కూడా అదే.

నాటు దూదితోకకు కావలసింది నడుమ వచ్చే ఆ పదీ పదిహేనేళ్ల దశ. దీన్ని అక్కడివాళ్లు యంగ్ ఫారెస్ట్ అంటారు. లేత అడవి అన్నమాట. పొలాలు బీడుపడిన కాలంలో అది ఎటు చూసినా ఉండేది. 20వ శతాబ్దం మొదటి సగంలో ఈ కుందేలుకు ఎదురులేదు. 1960ల నాటికి ఆ తుప్పలన్నీ ముదిరి పెద్ద అడవులయ్యాయి. ముదరని చోట ఇళ్లు, రోడ్లు లేచాయి. 1960 నుంచి లెక్కేస్తే నాటు దూదితోక ఉండే విస్తీర్ణం 86 శాతం తగ్గిపోయింది. వెర్మాంట్‌లో అసలు మిగల్లేదు. మిగతా చోట్ల ఒకదానికొకటి సంబంధం లేని ఐదు ముక్కల్లో చిక్కుకుపోయింది.

మరి యూరోపియన్లు రాకముందు, బీడు పొలాలే లేనప్పుడు ఈ కుందేలు ఎక్కడ బతికింది? అప్పుడు లేత అడవిని తయారుచేసే పనివాళ్లు వేరు. బీవర్లనే జంతువులు వాగులకు అడ్డుకట్టలు వేస్తే నీట మునిగిన చెట్లు చచ్చేవి. బీవర్లు కట్ట వదిలిపోయాక నీళ్లు ఇంకి అక్కడ పొదలు లేచేవి. తుఫాన్లు చెట్లను కూల్చేవి. మెరుపు నిప్పు పెట్టేది. స్థానిక ఆదివాసులు వేట కోసం, పంటల కోసం అడవిని తగలబెట్టేవారు. సముద్రం ఒడ్డున ఉప్పుగాలికి చెట్లు ఎదగక పొదలే నిలిచేవి. ఒకచోట అడవి ముదురుతుంటే ఇంకోచోట లేత అడవి పుడుతూ ఉండేది. బొచ్చు వ్యాపారం బీవర్లను దాదాపు తుడిచిపెట్టింది. ఇప్పుడవి తిరిగి వచ్చినా, రోడ్డు మునుగుతుందంటే కట్ట తెంచేస్తాం. నిప్పు కనిపిస్తే ఆర్పేస్తాం. తీరాన ఇళ్లు కట్టేశాం. పనివాళ్లందరినీ మాన్పించాక పని మనమే చేయాల్సి వచ్చింది.

చలికాలం పెట్టే పరీక్ష

జూన్‌లో చూస్తే న్యూ ఇంగ్లండ్‌లో ప్రతి పొదా కుందేలుకు ఇల్లే అనిపిస్తుంది. ఎటు చూసినా పచ్చదనం, ఎక్కడపడితే అక్కడ మేత. అందుకే వేసవిలో చూసి 'ఇది మంచి చోటు' అని తీర్మానిస్తే పొరపాటు పడతాం. నవంబరులో ఆకు రాలుతుంది. పచ్చగడ్డి చచ్చిపోతుంది. డిసెంబరు నుంచి మంచు కప్పేస్తుంది. అప్పుడు కుందేలుకు దొరికేవి మూడే: లేత రెమ్మలు, మొగ్గలు, బెరడు. వీటిలో పోషకం తక్కువ కాబట్టి చాలా తినాలి. ఆకు రాలిపోయాక దాక్కోవడానికి మిగిలేవి కూడా ఆ కొమ్మలే. తన దాపును తానే కొరికి తింటూ వసంతం దాకా నెట్టుకురావాలి.

ఈ దశలో చోటు చిన్నదైతే ఏమవుతుంది? న్యూ హాంప్‌షైర్ విశ్వవిద్యాలయంలో జాన్ లిట్‌వైటిస్, మరొకరు కలిసి ఈ ప్రశ్నకే జవాబు వెతికి 1993లో ప్రచురించారు. రెండున్నర హెక్టార్ల లోపు, అంటే ఆరెకరాలకు మించని తుప్పల్లో ఉన్న కుందేళ్లను, అయిదు హెక్టార్లకు పైబడిన తుప్పల్లో ఉన్నవాటిని పోల్చి చూశారు. చిన్న చోట్ల కుందేళ్ల బరువు తక్కువగా ఉంది. తింటున్న మేత నాసిగా ఉంది. మేతకు వెళ్లే చోట దాపు పలచగా ఉంది. పెద్ద చోట్లతో పోలిస్తే బతికి బట్టకట్టినవి దాదాపు సగమే.

కారణం ఊహించలేనిది కాదు. చలికాలం సగం గడిచేసరికి లోపలి రెమ్మలు అయిపోతాయి. కుందేలు అంచుకు రావాలి. అక్కడ తెల్లటి మంచు మీద గోధుమ రంగు ఒళ్లు దూరం నుంచే కనిపిస్తుంది. పైన పెద్ద గుడ్లగూబ, కింద నక్క, కయోటీ, ఫిషర్, బాబ్‌క్యాట్ లాంటి వేటాడే జంతువులు. చచ్చేది ఆకలితో కాదు. ఆకలి దాన్ని వేటగాళ్ల నోటి దగ్గరకు నడిపిస్తుంది. మంచు ఎన్నాళ్లు కరగకుండా ఉంటే ముప్పు అన్నాళ్లు సాగుతుంది.

తూర్పు దూదితోకకు ఇదే చలికాలం కదా, అదెలా నెగ్గుకొస్తోంది? లిట్‌వైటిస్ బృందమే దీన్నీ పరీక్షించింది. తూర్పు దూదితోక కళ్లు పెద్దవి. గుడ్లగూబ బొమ్మను దానివైపు కదిలిస్తే నాటు దూదితోక కన్నా ఎక్కువ దూరం నుంచే పసిగట్టింది. ముందుగా చూసింది కాబట్టి పొదలోకి పరుగెత్తే వ్యవధి దొరుకుతుంది. అందుకే అది అంచుల్లోకి, గడ్డిలోకి ధైర్యంగా వస్తుంది. నాటుదాని బతుకంతా చిక్కటి పొదలోనే. ఒకే నేలను ముక్కలు ముక్కలుగా కోసి ఇళ్లు కడితే, ఆ ముక్కలు వచ్చిన కుందేలుకు సరిపోతాయి, ఉన్న కుందేలుకు చాలవు.

ఈ లెక్కలన్నీ చూసుకుని, ఒకచోట కనీసం 25 ఎకరాల తుప్ప ఉండేలా చూడాలని అటవీ నిపుణులు భూస్వాములకు చెబుతుంటారు. అంతకన్నా చిన్నదైతే పక్కన ఇంకో తుప్ప, రెండింటికీ మధ్య పొదల దారి ఉండాలి. చిక్కదనానికి వాళ్లు చెప్పే కొలత సులువైనది: మనిషి నిలబడి లోపలికి నడవగలిగితే అది కుందేలుకు చాలదు.

మంచు మీద వెతుకులాట

మనిషి దూరలేని తుప్పలో, కంటపడని జంతువును ఎలా లెక్కపెట్టాలి? ఇక్కడే మంచు మనకు సాయపడుతుంది. కుందేలును శత్రువుకు పట్టిచ్చే మంచే దాని జాడ మనకూ చూపిస్తుంది.

సర్వేకు వెళ్లేవాళ్లు మంచు కురిసిన వెంటనే బయల్దేరరు. రెండు మూడు రోజులు ఆగుతారు. ఈలోగా కుందేళ్లు తిరగాలి, తినాలి, పెంటికలు వేయాలి. మరీ ఆలస్యమైనా పనికిరాదు. గాలి రేగితే జాడలు పూడిపోతాయి. ఎండ కాస్తే కరిగిపోతాయి. కొత్త మంచు పాతవాటన్నింటినీ కప్పేసింది కాబట్టి, పైన కనిపించే ప్రతి గుర్తూ ఈ రెండు మూడు రోజుల్లోదే. తేదీ వేసిన కాగితం దొరికినట్టే.

మొదట అడుగులు చూస్తారు. కుందేలు గెంతినప్పుడు వెనక కాళ్లు రెండూ ముందు కాళ్లను దాటి ముందుకు పడతాయి. అడుగుల్లో పెద్ద గుర్తులు ఎటుంటే కుందేలు అటు వెళ్లిందని అర్థం. ఉడత అడుగులూ ఇంచుమించు ఇలాగే ఉంటాయి. అయితే ఉడత ముందు కాళ్లు పక్కపక్కన పడతాయి, కుందేలువి ఒకదాని వెనక ఒకటి పడతాయి.

తర్వాత కొరికిన రెమ్మలు. కుందేలు పళ్లు రెమ్మను ఏటవాలుగా, కత్తితో కోసినట్టు నున్నగా తెంపుతాయి. జింకకు పైదవడలో ముందుపళ్లు ఉండవు. అది రెమ్మను పట్టి లాగి తెంపుతుంది కాబట్టి చివర చీలికలు పేలికలుగా ఉంటుంది. ఒక రెమ్మ చివర చూసి ఎవరు తిన్నారో చెప్పొచ్చు. ఇక్కడ ఒక మెలిక ఉంది. రెండడుగుల మంచు మీద కూర్చుని తిన్న కుందేలు కొరుకుడు, వసంతంలో మంచు కరిగాక మనిషి నడుము దగ్గర కనిపిస్తుంది. అంత ఎత్తున కుందేలు ఎలా కొరికిందా అని కొత్తవాళ్లు తికమకపడతారు.

అడుగులూ రెమ్మలూ 'ఇక్కడ కుందేలు ఉంది' అని చెబుతాయి. 'ఏ కుందేలు' అన్నది చెప్పవు. ఆ మాట చెప్పేది పెంటిక. కుందేలు రోజుకు వందల్లో పెంటికలు వేస్తుంది. అవి మంచు మీద స్పష్టంగా కనిపిస్తాయి. సర్వేవాళ్లు చేతికి తొడుగు వేసుకుని, వాటిని చిన్న గొట్టాల్లోకి ఎత్తి, దొరికిన చోటును జీపీఎస్‌లో నమోదు చేసి ల్యాబ్‌కు పంపుతారు.

పెంటికలో ఏముంటుంది? అది పేగులోంచి జారి వచ్చేటప్పుడు పేగు గోడ కణాలు కొన్ని దాని పైపొరకు అంటుకుంటాయి. ల్యాబ్‌లో ఆ పైపొరను గీకి కణాల్లోంచి డీఎన్‌ఏ తీస్తారు. కొన్ని ఎంజైములు డీఎన్‌ఏలో ఫలానా అక్షరాల వరస ఉన్నచోటే తెంపుతాయి. నాటు దూదితోక, తూర్పు దూదితోక, స్నోషూ హేర్ మూడింటిలో ఆ వరసలు వేర్వేరు చోట్ల ఉంటాయి. కాబట్టి తెగిన ముక్కల పొడవులు చూస్తే ఏ జాతిదో తేలిపోతుంది. న్యూ హాంప్‌షైర్ విశ్వవిద్యాలయంలోనే ఏడ్రియన్ కోవాచ్, లిట్‌వైటిస్‌ల బృందం ఈ పద్ధతిని పరీక్షించి 2003లో ప్రచురించింది. వేసవి వానకు, ఎండకు పెంటిక మీది కణాలు త్వరగా పాడవుతాయి. గడ్డకట్టే చలి వాటిని భద్రంగా ఉంచుతుంది. వెతకడానికి చలికాలాన్నే ఎంచుకోవడానికి ఇది రెండో కారణం.

ఈ పద్ధతి చేతికొచ్చాకే అసలు సంగతి బయటపడింది. పాత రికార్డుల్లో నాటు దూదితోక ఉందని రాసి ఉన్న ప్రాంతమంతటా, రెండు వేలకు పైగా తుప్పల్ని కొన్ని చలికాలాల పాటు వెతికారు. 2006లో వెలువడిన ఆ సర్వే ఫలితం ప్రకారం అది దొరికినవి 162 చోట్లే. దాన్ని ప్రమాదంలో ఉన్న జాతుల చట్టం కింద చేర్చాలా అని ఫెడరల్ ప్రభుత్వం ఆలోచనలో పెట్టింది కూడా 2006లోనే.

లెక్కలో ఇంకో చిక్కు ఉంది. ఒక తుప్పలో గంటసేపు వెతికినా పెంటిక దొరకలేదనుకోండి. కుందేలు లేదనా, ఉండీ మనకు దొరకలేదనా? ఒకసారి వెళ్తే దొరికే అవకాశం సగమే అనుకుందాం. కుందేలు ఉండి కూడా మొదటిసారి దొరక్కపోయే అవకాశం రెండింట ఒకటి. రెండుసార్లూ దొరక్కపోయే అవకాశం నాలుగింట ఒకటి. మూడుసార్లూ దొరక్కపోవడం ఎనిమిదింట ఒకటి. అందుకే ఒకే తుప్పకు చలికాలంలో రెండు మూడుసార్లు వెళతారు. ఎన్నిసార్లు వెళితే ఎన్నిసార్లు దొరికిందో చూసి, దొరికే అవకాశం ఎంతో ముందు లెక్కగడతారు. దాన్నిబట్టి 'దొరకని' చోట్లలో నిజంగా ఖాళీవి ఎన్నో అంచనా వేస్తారు. శాస్త్రవేత్తలు ఆక్యుపెన్సీ సర్వే అనేది దీన్నే. మనం ఉనికి సర్వే అనుకుందాం. పెంటికల్లోని డీఎన్‌ఏను ఇంకా లోతుగా చదివితే ఒక్కో కుందేలును విడివిడిగా గుర్తుపట్టి, ఒక తుప్పలో ఎన్ని ఉన్నాయో కూడా చెప్పొచ్చు.

గొడ్డలికి ముహూర్తం కూడా చలికాలమే

సర్వే పటం మీద చుక్కలు పడ్డాక రెండో పని మొదలవుతుంది. ఎక్కడ నరకాలి? కుందేలు ఉన్న తుప్పను ముట్టుకోరు. దాన్ని ఆనుకుని ఉన్న ముదిరిన అడవిని ఎంచుకుంటారు. ఇప్పుడున్న తుప్ప పదేళ్లలో ముదిరిపోయేనాటికి పక్కది చిక్కబడాలి. కుందేలు ఎక్కువ దూరం ప్రయాణం చేసే జంతువు కాదు గనక కొత్త ఇల్లు పాత ఇంటి పక్కనే ఉండాలి.

ఎప్పుడు నరకాలి? చలికాలంలోనే. దీనికి మూడు కారణాలు. నేల గడ్డకట్టి ఉంటుంది కాబట్టి బరువైన యంత్రాలు నడిచినా మట్టి చితికిపోదు, బురద నేలల్లోకి కూడా వెళ్లొచ్చు. పక్షులు గూళ్లు పెట్టే కాలం, కుందేళ్లు పిల్లలు పెట్టే కాలం కాదు. మూడోది అన్నింటికన్నా ముఖ్యమైంది. ఆకు రాలిన చెట్టు తన పిండిపదార్థాన్ని వేళ్లలో దాచుకుని నిద్రపోతుంటుంది. అప్పుడు కాండం నరికేస్తే ఆ నిల్వ అంతా వేళ్లలోనే ఉండిపోతుంది. వసంతం రాగానే మోడు చుట్టూ పిలకలు విరగబడి లేస్తాయి. జామాయిల్ తోట వేసిన మన రైతులకు ఇది కొత్త సంగతి కాదు. ఒకసారి నాటి, నరికి అమ్ముకుని, అదే మోడు నుంచి రెండో కోత, మూడో కోత తీసుకుంటారు. మేపుల్, ఓక్, బిర్చ్ మోళ్లు చేసేదీ ఇదే. ఆస్పెన్ ఇంకో అడుగు ముందుకేసి దూరంగా పాకిన వేళ్ల నుంచి కూడా మొక్కలు లేపుతుంది. రైతుకు కావలసింది నిటారుగా ఎదిగే ఒకటి రెండు పిలకలు. కుందేలుకు కావలసింది అన్ని పిలకలూ.

కొట్టిన చెట్ల కలపను అమ్మేస్తారు. కొమ్మలను ఎత్తివేయరు. అక్కడక్కడా కుప్పలు వేస్తారు. కొత్త పిలకలు చిక్కబడేదాకా కుందేలుకు దాక్కునే చోటు అదే. పాత పొలాల్లో మిగిలిన ఆపిల్ చెట్లను, కాయలు కాసే పొదలను ఉంచేస్తారు. పిలకలు చాలవనుకుంటే డాగ్‌వుడ్, ఆల్డర్ లాంటి పొదలు నాటుతారు. జింకలు ఎక్కువున్న చోట ఇంకో బాధ. కుందేలు కోసం లేచిన పిలకలను ముందు అవే మేసేస్తాయి. వాటి వేటకు అనుమతి పెంచడమో, కంచె వేయడమో చేయాలి.

ఎటూ తేలని ప్రశ్న కూడా ఒకటుంది. బయటి దేశాల నుంచి వచ్చిన మల్టీఫ్లోరా గులాబీ, ఆటమ్ ఆలివ్, జపనీస్ బార్బెర్రీ ఇక్కడ కలుపులా అల్లుకుపోయాయి. ఒకప్పుడు అమెరికా ప్రభుత్వమే మల్టీఫ్లోరా గులాబీని కంచెకూ అడవి జంతువుల దాపుకూ మంచిదని పంచిపెట్టింది. స్థానిక మొక్కలను తినేస్తున్నాయని వీటిని పీకేయాలంటారు వృక్షశాస్త్రవేత్తలు. పీకేస్తే వాటిలో దాక్కున్న చివరి కుందేళ్లు ఏం కావాలి? అందుకని చాలాచోట్ల ఒకేసారి పీకరు. ముందు స్థానిక పొదలను పెంచి, అవి చిక్కబడ్డాక కొద్దికొద్దిగా తీసేస్తారు.

ఈ నేలలో అధిక భాగం ప్రైవేటు వ్యక్తులది. అందుకే 2012 నుంచి అమెరికా వ్యవసాయ శాఖ తన వర్కింగ్ ల్యాండ్స్ ఫర్ వైల్డ్‌లైఫ్ పథకం కింద, తమ అడవిలో కొంత భాగాన్ని లేత అడవిగా మార్చే భూస్వాములకు ఖర్చులో వాటా ఇస్తోంది. కరెంటు లైన్ల కింద ఎలాగూ చెట్లు ఎదగనివ్వరు. అక్కడి పొదలను మొదలంటా కొట్టకుండా నడుమెత్తున ఉంచితే ఒక తుప్ప నుంచి ఇంకో తుప్పకు దారి అవుతుంది.

చోటు తయారై, కుందేలు తనంతట తాను చేరలేనప్పుడు తెచ్చి వదులుతారు. రోడ్ ఐలండ్‌లోని ప్రావిడెన్స్ నగరపు రోజర్ విలియమ్స్ పార్క్ జూలో వీటిని పెంచుతున్నారు. న్యూయార్క్‌లోని క్వీన్స్ జూ తర్వాత చేరింది. నారగాన్‌సెట్ అఖాతంలోని పేషెన్స్ అనే చిన్న దీవిలో ఒక మందను స్వేచ్ఛగా పెరగనిచ్చి, అక్కడి నుంచి పట్టి వేరే చోట్లకు పంపుతున్నారు. న్యూ హాంప్‌షైర్‌లో బెలమీ నది పక్కన తయారుచేసిన లేత అడవిలో 2013లో ఇలాగే కుందేళ్లను వదిలారు.

ముగింపు తేదీ లేని పని

2015 సెప్టెంబరులో అమెరికా ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ సర్వీస్ ఒక నిర్ణయం ప్రకటించింది. రాష్ట్రాలు, భూస్వాములు, జూలు కలిసి చేస్తున్న పని వల్ల నాటు దూదితోకను ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో చేర్చనక్కర్లేదని చెప్పింది. గండం గడిచిందని దీనికి అర్థం కాదు. మెయిన్, న్యూ హాంప్‌షైర్ తమ రాష్ట్ర జాబితాల్లో దాన్ని ప్రమాదంలో ఉన్న జాతిగానే ఉంచాయి. జరుగుతున్న పని ఆగకుండా సాగుతుందన్న నమ్మకం మీద తీసుకున్న నిర్ణయం అది.

ఈ పనిని ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు. వాళ్ల వాదనలో పస ఉంది. న్యూ ఇంగ్లండ్‌లో నిజంగా ముసలి అడవి చాలా తక్కువ. ముదిరే అడవి గాలిలోని కార్బన్‌ను ఏటేటా పోగేసుకుంటుంది. దాన్ని నరికితే ఆ లెక్క తప్పుతుంది. అందుకే ఎక్కడపడితే అక్కడ నరకడం పరిష్కారం కాదు. కుందేలు ఆనవాలు దొరికిన చోటికి దగ్గరగా, పాత పొలాలు బీడుపడి లేచిన అడవిలో, అవసరమైన మేరకే నరకాలి. ఆ 'ఎక్కడ', 'ఎంత' తేల్చేది పెంటికల సర్వేనే. సర్వే లేని కోత ఉత్త కలప వ్యాపారం. కోత లేని సర్వే తగ్గిపోతున్న సంఖ్యను ఏటా రాసుకోవడం.

లేత అడవి ఒక్క కుందేలుకే ఉపయోగపడదు. వుడ్‌కాక్ పక్షి, ప్రెయిరీ వార్బ్లర్, తౌహీ, బాక్స్ తాబేలు అలాంటి పొదల్లోనే బతుకుతాయి. అయినా పొదకు విలువ కట్టడం మనుషులకు ఎక్కడైనా కష్టమే. మన దేశంలో బంజరు భూముల అట్లాస్‌ను గ్రామీణాభివృద్ధి శాఖ కోసం తయారుచేసేది హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం. అందులో తుప్పలున్న నేల కూడా బంజరు కిందికే వస్తుంది. మన కుందేలు, కౌజుపిట్ట తిరిగేది ఆ 'బంజరు'లోనే.

పెద్ద చెట్టును కాపాడటానికి ఒక నిర్ణయం చాలు: నరక్కూడదు. కంచె వేసి వదిలేస్తే కాలం మిగతా పని చేస్తుంది. లేత అడవికి ఆ సూత్రం పనికిరాదు. ఇవాళ కంచె వేసి తాళం పెడితే పాతికేళ్లకు కంచె అలాగే ఉంటుంది, లోపల చెట్లు గొప్పగా ఉంటాయి, కుందేలు మాత్రం ఉండదు. ఈ జంతువుకు ఇల్లు ఒక స్థలం కాదు, ఒక వయసు. వయసు ఎవరి మాటా విని ఆగదు. కాబట్టి ప్రతి చలికాలం ఎవరో ఒకరు మంచులో పెంటికలు వెతకాలి, ఎక్కడో ఒకచోట కొన్ని ఎకరాలు కొట్టాలి. ఆ పనికి బడ్జెట్లో ఏటా చోటు ఉన్నంతకాలమే 2015 నాటి నిర్ణయం సరైనదవుతుంది.